మిస్ మెర్డీ ఆపేసిన దొంతర

మేం మిస్ మెర్డీ అని పిలిచే మెర్డెల్లా ఫేసీ గురించి మా ఊరు యాలస్‌లో ఎవరిని అడిగినా ముందు దేవుణ్ణి లాక్కొస్తారు. కుడి చెవి తీసుకున్న చేత్తోనే ఎడమ చెవికి రెట్టింపు శక్తి ఇచ్చాడంటారు. ఈ ముక్కని మొదట పాస్టర్ చర్చిలో వాడుకున్నాడు, తర్వాత రమ్ము కొట్లో కూర్చునేవాళ్ళు వాడుకున్నారు. రెండు చోట్లా అబద్ధమే. ఆ ఎడమ చెవి మామూలు చెవి; పైపెచ్చు ఇన్నేళ్ళుగా స్పీకర్ పెట్టెల పక్కన నిలబడి కాస్త అరిగిన చెవి. ఆమె చేసిన పనికి అద్భుతాలు అక్కర్లేదు. జనం నవ్వుతుంటే పట్టుకున్న తీగ వదలకుండా ఉండాలి, అంతే. ఆ గుణం చెవిలో ఉండేది కాదు.

పాట అడుగున లోతుగా మోగే బేస్ అంటే ఆఫ్రికా గుండె చప్పుడనీ, తల్లి కడుపులో విన్న మొదటి మాట అనీ రాసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ ప్లైవుడ్ కోసినట్టు కనిపించరు. మెర్డీకి బేస్ అంటే పెట్టె, పెట్టెలో గాలి, ఆ గాలిని ఎటు కదల్చాలో అటు కదిలించడం. ఆమె తండ్రి శవపేటికలు చేసే వడ్రంగి. అతుకు దగ్గర సందు లేకుండా చెక్క బిగించడం ఆమె అక్కడే నేర్చుకుంది. "మీ నాన్న పెట్టెల్లో పడుకున్నవాడు లేవడు, నీ పెట్టెల పక్కన ఉన్నవాడు పడుకోడు" అని భర్త ఆల్టమాంట్ ఆమెని ఏడిపించేవాడు. పెళ్ళినాడు మొదలుపెట్టిన ఈ హాస్యాన్ని అతను ఏనాడూ మానలేదు, ఆమె ఏనాడూ నవ్వలేదు.

ఆల్టమాంట్, అతని తమ్ముడు వెర్నల్ కలిసి, స్పీకర్ పెట్టెలు ఊరూరా తిప్పి డాన్సులకి పాటలు వేసే సౌండ్ సిస్టమ్ నడుపుతారు, దాని పేరు బ్లాక్ పెలికన్. ఆల్టమాంట్ రికార్డులు వేస్తాడు. వెర్నల్ లారీ నడుపుతాడు, డాన్సులు కుదురుస్తాడు, మైకు పట్టుకుని ఎదుటి సౌండ్‌ని తిడతాడు. ఈ మూడింట్లో తిట్టడం బాగా వచ్చు. పెట్టెలు చేసేదీ, వాటిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చేదీ మెర్డీ. పెలికన్‌ది మూడు దొంతరల పద్ధతి. ఒకదానిమీద ఒకటి పేర్చిన పెట్టెల దొంతర ఒక్కొక్కటి మనిషికంటే ఎత్తు. మైదానానికి మూడు మూలలా నిలబెట్టి ముఖాలు లోపలికి తిప్పుతారు. డాన్సు చేసేవాళ్ళు మధ్యలో ఉంటారు. ఒకవైపు నుంచి వచ్చే పాట వినడానికైతే రేడియో ముందు కూర్చోవచ్చు. డాన్సుకి వచ్చినవాడికి పాట తన చుట్టూ ఉండాలి, అడుగునుంచి పైకి రావాలి, చొక్కా కదలాలి. ఆ మధ్య చోటు సరిగ్గా కుదిరిందా లేదా అన్నది మెర్డీ అక్కడ నిలబడి చెప్పేది. ఆమె తలూపేదాకా వెర్నల్ కూడా గేటు తెరిచేవాడు కాదు.

ఇదంతా పంతొమ్మిది వందల ఎనభైకి ముందు. ఆ ఏడు చెల్లెలి పిల్లల దగ్గర్నుంచి గవదబిళ్ళలు అంటుకున్నాయి. పిల్లలు వారానికల్లా లేచి పరిగెత్తారు. మెర్డీ మంచం దిగేసరికి కుడి చెవి పోయింది. కొంచెం కూడా మిగల్లేదు. గోడకి ఉన్నంత వినికిడి ఉంది ఆ వైపు.

ఒక చెవి పోతే సగం వినబడుతుందని అందరూ అనుకుంటారు. వినబడటం బాగానే ఉంటుంది. పోయేది దిక్కు. మినీబస్సు హారన్ కొడితే మెర్డీ సముద్రం వైపు చూసేది, బస్సు కొండ వైపు నుంచి వచ్చేది. సంతలో ఎవరైనా పిలిస్తే బొంగరంలా తిరిగేది. కోడి ఎక్కడ గుడ్డు పెట్టి అరుస్తోందో కనుక్కోవడానికి పెరడంతా వెతికేది. ఇవన్నీ ఆమె భరించింది. ఆల్బియన్‌లో జరిగిన డాన్సులో మాత్రం, చెట్లకి కట్టే సన్నగొంతు హారన్ స్పీకర్లలో ఒకటి గరగరమంటే, ఆమె నిచ్చెన పట్టుకుని తప్పు మూలకి నడిచింది. వెర్నల్ చూశాడు.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు. "వదినా, ఒక మాట. తిట్టుకోకు."

"నువ్వు తిట్టుకోకు అన్నావంటే తిట్టాల్సిన మాటేగా. చెప్పు."

"ఆగస్టు సెలవుకి కింగ్‌స్టన్ నుంచి గ్రేట్ సావరిన్ సౌండ్ వస్తోంది మనమీద పోటీకి. దాన్ని నడిపే క్లోవిస్ బంటింగ్ మనుషులు చిన్న పొరపాటు దొరికితే చాలు, దాన్ని ఊరూరా మోస్తారు. పెట్టెల పని ఇక నేను చూసుకుంటా."

"నువ్వా?"

"నాకు రెండు చెవులున్నాయి."

"అవునవును, టోపీ నిలబడటానికి."

ఆల్టమాంట్ బల్ల దగ్గర వేయించిన చేప ముళ్ళు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. తమ్ముడికీ పెళ్ళానికీ మధ్య మాట్లాడటం కంటే చేప ముళ్ళు తీయడం సుఖమని అతనికి ఏనాడో తెలుసు. చివరికి బేరం ఇలా కుదిరింది: ఆగస్టు డాన్సుకి పెట్టెలు మెర్డీయే నిలబెడుతుంది. ఏదైనా తేడా వస్తే, ఆ రోజు నుంచి ఆమె దొంతరల జోలికి రాదు. మేక తలకాయ పులుసు కుండ దగ్గర కూర్చుంటుంది. ఈ పులుసు సంగతి వెర్నల్ కావాలనే కలిపాడు. మెర్డీ వంట మా ఊళ్ళో ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆ మర్నాడే ఆమె ఆల్టమాంట్‌ని పెరట్లోకి లాగింది. రెండు పెట్టెలు ఎదురుబొదురుగా పెట్టి, హారన్లన్నీ తీసేసి, అడుగు బేస్ ఒక్కటే మోగేలా చేసింది. మధ్యలో కుర్చీ వేసి కళ్ళు మూసుకుంది.

"ఒకటి ఆపు, ఒకటి వాయించు. ఏది వాయిస్తున్నావో చెప్పకు."

అతను వాయించాడు. ఆమెకి తెలియలేదు. ఇంకోసారి వాయించమంది. తెలియలేదు. అతనికి జాలివేసి దగ్గరికి రాబోయాడు.

"ఆగు. ఇప్పుడు నువ్వు కూర్చో."

"నాకెందుకు? నా చెవులు బాగానే ఉన్నాయి."

"అందుకే కూర్చో."

కూర్చున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. మామిడి చెట్టు వైపు అన్నాడు. ఆమె వాయిస్తున్నది బావి వైపుది. మళ్ళీ వాయించింది. బావి అన్నాడు. అదీ తప్పే. మూడోసారి రెండూ వాయిస్తున్నావన్నాడు. ఆమె ఒకటే వాయిస్తోంది. కళ్ళు తెరిచి పెళ్ళాం ముఖం చూస్తే, గవదబిళ్ళల తర్వాత మొదటిసారి ఆమె నవ్వుతోంది.

"మరి ఇన్నాళ్ళూ నాకు తెలుస్తున్నట్టే ఉండేదే" అన్నాడు.

"పైన హారన్ చెప్పేది నీకు. అది ఎటుందో దాన్నిబట్టి బేస్ కూడా అటే అనుకునేవాడివి. నేనూ అంతే."

ఇందులో మాయ లేదు. కుడివైపు నుంచి పిలిస్తే ఆ పిలుపు కుడి చెవికి రవ్వంత ముందు చేరుతుంది, రవ్వంత గట్టిగా చేరుతుంది. తల అడ్డు కాబట్టి రెండో చెవికి సన్నగా చేరుతుంది. ఆ తేడా చూసి మెదడు దిక్కు కడుతుంది. బేస్ అల ఒక్కొక్కటి మినీబస్సంత పొడుగు. మినీబస్సుకి మనిషి తల ఒక అడ్డా? రెండు చెవులకీ దాదాపు ఒకేలా చేరి పోతుంది. అందుకని అడుగు బేస్ దగ్గరికి వచ్చేసరికి రెండు చెవులవాడూ ఒక చెవి మనిషీ సమానం. మెర్డీకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. కుర్చీలో కూర్చుని తేల్చుకున్నది చాలు. వెర్నల్‌కి చెప్తే వింటాడా అంటే, వెర్నల్ వినడు.

ఆగస్టు సెలవు వచ్చింది. మైదానం సముద్రపొడ్డున, చుట్టూ జింక్ రేకుల కంచె. ఒక దొంతర గేటు పక్కన, ఒకటి వంటపాక పక్కన, ఒకటి సముద్రం వైపు. ఆంప్లిఫయర్లు గేటు దొంతర వెనక పాకలో. మధ్యాహ్నానికల్లా అన్నీ నిలబడ్డాయి. కంచె అవతల గ్రేట్ సావరిన్ లారీ కూడా వచ్చి ఆగింది. క్లోవిస్ బంటింగ్ మనుషులు తమ పెట్టెలు దించి, పని ముగించుకుని, లారీ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని వేయించిన చేపా బామీ రొట్టే తింటూ మా వాళ్ళని చూస్తున్నారు. క్లోవిస్ లావుపాటి మనిషి, మర్యాదస్తుడు, నోరు మాత్రం మంచిది కాదు.

ఆల్టమాంట్ ఒక పాత రికార్డు వేశాడు. గేటు దగ్గర నిలబడిన వెర్నల్ ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "బ్రహ్మాండం" అన్నాడు. అతను నిలబడ్డ చోట నిజంగానే బ్రహ్మాండం. ప్యాంటు అంచులు ఆడుతున్నాయి.

మెర్డీ మైదానం మధ్యకి నడిచి నిలబడింది. అక్కడ బేస్ లేదు. మరీ లేకపోలేదు; దూరంగా ఎవరింట్లోనో మోగుతున్నట్టు ఉంది. మూడు దొంతరలు తనవైపు ముఖాలు పెట్టి వాయిస్తుంటే, పాదాల కింద నేల కదలడం లేదు. హారన్ల పాట సన్నగా, గలగలా వస్తోంది. పులుసు కుండ దగ్గర ఉన్న ముసలి లిన్వల్ కూడా గరిటె పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడేదో ఉంది మిస్ మెర్డీ" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ స్థలం పాత యజమానిని ఇక్కడే పూడ్చారని మా అమ్మ అనేది. ఆ దుప్పీ దయ్యం మింగేస్తోంది."

"దయ్యం బేస్ ఒక్కటే మింగి, హారన్లు వదిలేస్తుందా తాతా?"

"ముసలివాడు కదా. పళ్ళు ఉండవు. మెత్తనిదే తింటాడు."

వెర్నల్ వచ్చాడు, నిలబడ్డాడు, ముఖం మాడ్చుకున్నాడు. వెళ్ళి తెల్ల రమ్ము సీసా తెచ్చి నడి మైదానంలో సగం పోశాడు. మా సెయింట్ థామస్ జిల్లా మనుషులు దేన్నయినా రమ్ముతో సర్దుబాటు చేయగలమనుకుంటారు. ఆ మధ్యాహ్నం లాభపడింది చీమలు. తర్వాత ఆంప్లిఫయర్ పెంచమని అరిచాడు. ఆల్టమాంట్ పెంచాడు. కంచె రేకులు దడదడలాడాయి, గేటు దగ్గర కుక్క లేచి వెళ్ళిపోయింది. మధ్యలో ఎప్పటిలాగే ఉంది.

"పెట్టెలు చాలడం లేదు" అన్నాడు వెర్నల్. "లారీలో ఇంకో రెండున్నాయి, దించండి. వంటపాక దొంతర మీద ఎక్కించండి."

మా వాళ్ళందరూ ఇదే చేస్తారు. బేస్ తక్కువైతే పెట్టె పెంచు. ఇంకా తక్కువైతే ఇంకో పెట్టె. ఒక పెట్టె తీసి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు, వచ్చినా నోటివెంట రాదు. దానికో కారణం ఉంది. పోటీలో ఓడిన సౌండ్ నోటితో ఒప్పుకోదు. ఒక్కొక్క దొంతర తీగ పీకేస్తూ పోతుంది. మూడో దొంతర ఆగితే అయిపోయినట్టు. అందుకని పోటీ రోజున, ఎదుటివాళ్ళు చూస్తుండగా, నిలబెట్టిన దొంతర ఆపడమంటే పాటైనా మొదలు కాకముందే తెల్లజెండా ఎత్తడం.

మెర్డీ అప్పటికి గేటు పాకలోకి వచ్చేసింది. "పెట్టెలు దించొద్దు. ఒక్కొక్క దొంతరా ఆపి చూడాలి."

వెర్నల్ తీగలకి అడ్డంగా నిలబడ్డాడు. "పిచ్చెక్కిందా వదినా? వాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. గుడ్డివాళ్ళేం కాదుగా."

"తీగ మీద చెయ్యి వేశావంటే రేపటికల్లా కింగ్‌స్టన్ దాకా పాకుతుంది. పెలికన్ వెలుగుండగానే ఓడిపోయిందని."

"వెయ్యకపోతే? మధ్యలో నిలబడ్డ జనం ఏమంటారు?"

"అసలు ఇదంతా నీవల్లే. ఏది ఎక్కడ మోగుతోందో ఒక చెవితో నీకేం తెలుస్తుంది? ముందే చెప్పాను."

"చెప్పావు. జరుగు."

"జరగను."

మెర్డీ అతని మీద అరవలేదు, బతిమాలలేదు. వంగి, అతని కాళ్ళ మధ్య నుంచి చెయ్యి పెట్టి గేటు దొంతర తీగ పీకేసింది. వెర్నల్ ఎగిరి పక్కకి దూకాడు. పాకలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆల్టమాంట్ కాకపోతే బాగుండునని అందరూ అనుకున్నారు, ఆల్టమాంటే.

గేటు దొంతర ఆగింది. సావరిన్ లారీ మీద వెంటనే ఈలలు. క్లోవిస్ బంటింగ్ చేతిలో చేప అలాగే పట్టుకుని కేకేశాడు. "ఏంటి మిస్ మెర్డీ, ఎండ కూడా తగ్గలేదు, అప్పుడే సర్దుకుంటున్నారా? మా కోసం ఆగరా, కలిసి వెళ్దాం."

ఆమె మధ్యకి నడిచి నిలబడింది. ఇందాక కాస్తో కూస్తో ఉన్న బేస్ ఇప్పుడు పూర్తిగా చచ్చింది. రెండు దొంతరలు వాయిస్తున్నాయి, అడుగున ఏమీ లేదు. లిన్వల్ తల అడ్డంగా ఊపాడు. వెర్నల్ దూరం నుంచే చేతులెత్తి చూపించాడు, చూశావా అన్నట్టు.

మెర్డీకి అక్కడే అర్థమైంది. ఒక దొంతర తీస్తే మూడోవంతు తగ్గాలి. ఉన్నదంతా పోయిందంటే మిగిలిన రెండూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. స్పీకర్‌లో గరాటులాంటి కాగితం ఉంటుంది. అది గాలిని ముందుకి తోస్తుంది, వెనక్కి లాగుతుంది. అన్నీ ఒకేసారి తోసి ఒకేసారి లాగితే మధ్యలో బేస్ లేస్తుంది. ఒకటి తోసేటప్పుడు ఇంకోటి లాగితే గాలి ఎక్కడిదక్కడే. దొంతరకి వెళ్ళే జంట తీగలు తారుమారైతే చాలు, అది మొత్తం తిరగబడుతుంది. దాని పక్కన నిలబడితే తెలియదు, అది కూడా గట్టిగానే వాయిస్తుంది. తెలిసేది మధ్యలో.

ఇంకోటి కూడా అర్థమైంది. గేటుది మంచిది. తిరగబడ్డది వంటపాకదో, సముద్రానిదో. వంటపాక తీగ పాతది, ఏళ్ళ తరబడి వాడుతున్నది. సముద్రం వైపు తీగని మేక నమిలేస్తే కిందటి వారం కొత్తది కట్టారు. కట్టింది ఆమే. జంటలో రెండు తీగలూ ఒకే రంగు కాబట్టి, కాగితాన్ని ముందుకి తోసే తీగకి రెండు చివర్లా ఎర్ర దారం ముడి వేయడం ఆమె పద్ధతి. ఆ పని ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు.

మైదానం మధ్య నుంచి గేటు పాక దాకా ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలో వేరే దారి ఆమెకి కనబడకపోలేదు. ముందు వంటపాకది ఆపి, తల గోక్కుని, ఏం తేలలేదని చెప్పి, వెర్నల్ భోజనానికి వెళ్ళాక ముడి మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. దుప్పీకి రమ్ము దక్కినట్టు పేరు కూడా దక్కేది. ఆమె గేటు తీగ మళ్ళీ గుచ్చి, సముద్రం తీగ పీకింది.

లారీ మీద మళ్ళీ ఈల మొదలై మధ్యలో ఆగిపోయింది.

మైదానం నడుమ లిన్వల్ చేతిలో గరిటె వణికింది. వణికించింది వయసు కాదు. బేస్ నేలలోంచి లేచి అతని మోకాళ్ళు పట్టుకుంది. లారీ మీద సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. ఒక దొంతర తక్కువ, బేస్ రెట్టింపు. క్లోవిస్ చేప పక్కన పెట్టి లారీ దిగి కంచె దాకా వచ్చాడు.

"ఆ దొంతర చెడిపోయిందా?" అన్నాడు వెర్నల్. అతని గొంతులో ఆశ ఉంది.

"దొంతర బాగానే ఉంది. నేను ముడి తప్పు వేశాను."

"ఏంటీ?"

"తీగకి ముడి. ఒక చివర సరిగ్గా వేశాను, ఇంకో చివర పక్క తీగకి వేశాను. టార్చి బ్యాటరీ ఇవ్వు."

బ్యాటరీ పట్టుకుని సముద్రం దొంతర దగ్గరికి వెళ్ళింది. చుట్టూ జనం మూగారు; కంచె దాటి సావరిన్ మనుషులు కూడా. ముడి ఉన్న తీగని బ్యాటరీ మొనకి, రెండోదాన్ని అడుగుకి తాకించింది. సరిగ్గా ఉంటే స్పీకర్ కాగితం బయటికి ఉబకాలి. అది టక్కున లోపలికి పోయింది. అందరూ చూశారు. తీగలు మార్చి తాకించింది. బయటికి ఉబికింది. దారం విప్పి, రెండో తీగకి ముడి వేసింది, పళ్ళతో బిగించింది.

మూడు దొంతరలూ కలిసి మోగినప్పుడు వంటపాక మీద తాటాకులు రాలాయి. లిన్వల్ మధ్యలోంచి కదల్లేదు. పులుసు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

అయితే వెర్నల్ వదిలే రకం కాదు. "తప్పు నీదని నువ్వే ఒప్పుకున్నావు. తేడా వస్తే కుండ దగ్గరికే అనుకున్నాం. మాట మాటే."

"చెవి వల్ల తేడా వస్తే అన్నావు."

"ఏదైనా తేడా అన్నాను."

అది నిజమే. వెర్నల్ అలాగే అన్నాడు. మెర్డీ బ్యాటరీ అతని చేతిలో పెట్టింది.

"సరే. ఈ పని నీకు ఇచ్చే ముందు ఒకటి చెయ్యి. హారన్లు ఆపుతాం. నువ్వు మధ్యలో నిలబడు. బేస్ ఎటు నుంచి ఎక్కువ వస్తోందో చెప్పు. నీకు రెండు చెవులున్నాయిగా. చెప్పావంటే నేనే వెళ్ళి కుండ దగ్గర కూర్చుంటాను, ఆ మాడింది కూడా నేనే తోముతాను."

తలకి కట్టుకున్న గుడ్డ విప్పి అతని కళ్ళకి కట్టింది. వెర్నల్ వద్దనలేకపోయాడు, క్లోవిస్ మనుషులు చూస్తున్నారు. మధ్యలో నిలబెట్టి అటూ ఇటూ తిప్పింది. ఆల్టమాంట్ పాకలోంచి చూస్తున్నాడు. ఆమె వేలితో సైగ చేసింది. అతను తలూపాడు.

బేస్ మొదలైంది. వెర్నల్ తల ఒకవైపు వంచి, కోడిపుంజులా మెడ తిప్పి, ఎంతో సేపు తీసుకోలేదు. చెయ్యి చాచాడు.

"గేటు. గేటు దొంతరే గట్టిగా కొడుతోంది. చంటిపిల్లాడైనా చెప్తాడు."

గుడ్డ విప్పింది. గేటు పాక ముందు ఆల్టమాంట్ నిలబడి ఉన్నాడు. చేతిలో పీకేసిన గేటు దొంతర తీగ, చివర ఎర్ర దారం ముడి. తమ్ముడి వైపు దాన్ని కొంచెం ఊపాడు, పలకరింపుగా. అతని వెనక జింక్ రేకుల గేటు బేస్‌కి ఊగి దడదడలాడుతోంది.

ముందు నవ్వింది క్లోవిస్ బంటింగ్. కంచె పట్టుకుని నవ్వాడు. తర్వాత అందరూ.

"రేకులు మోగుతున్నాయి కదా" అన్నాడు వెర్నల్ మెల్లగా.

"మోగుతున్నాయి. నువ్వు విన్నది వాటినే. అడుగు బేస్‌కి ఎవరి చెవీ దారి చూపించదు. కాళ్ళు చెప్తాయి. కాళ్ళు నాకు రెండున్నాయి." గుడ్డ మళ్ళీ తలకి చుట్టుకుంటూ అంది, "హారన్లు నీవి. ఆల్బియన్‌లో తప్పు మూలకి వెళ్ళానన్నావే, వెళ్ళాను. ఇంకోసారైనా వెళ్తాను. వాటికి రెండు చెవులు కావాలి, నా దగ్గర లేవు. కింది పెట్టెలకి అక్కర్లేదు. అవి నావి. ముడి తప్పు వేశాను, ఇంకోసారి తప్పు వెయ్యను. వేసినా మధ్యలో నిలబడి పట్టుకుంటాను. నువ్వైతే గేటు దగ్గర నిలబడి బ్రహ్మాండం అంటావు."

వెర్నల్ వెళ్ళి హారన్ కట్టిన కొమ్మకి నిచ్చెన వేశాడు.

ఆ రోజు పోటీలో గెలిచింది గ్రేట్ సావరిన్. ఈ సంగతి పాస్టర్ ఎప్పుడూ చెప్పడు, కథకి అడ్డొస్తుంది. వాళ్ళ దగ్గర ఇంకా ఎవరూ వినని రికార్డులున్నాయి. మా ఆల్టమాంట్ పాతవే తిప్పితిప్పి వేశాడు. బేస్‌కి లోటు లేకపోయినా పాటకి లోటైంది. చివరికి పెలికన్ దొంతరలు ఒక్కొక్కటే ఆపాల్సి వచ్చినప్పుడు మెర్డీయే తీగలు పీకింది. వంటపాకది, గేటుది, చివరికి సముద్రానిది. ఆఖరి తీగ చేతిలో పట్టుకుని ముడి ఒకసారి తడిమి చూసుకుంది.

మరుసటి డాన్సు ఆల్బియన్‌లోనే పడింది. మెర్డీ పెట్టెలు నిలబెట్టి తీగలు పరిచేసరికి వెర్నల్ టార్చి బ్యాటరీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. అడగకుండానే ఒక్కొక్క తీగా తాకించి చూశాడు. అన్నీ బయటికే ఉబికాయి. ఆమె కొత్త దారపు ఉండ అతని వైపు దొర్లించింది. ఆల్టమాంట్ రికార్డు వేశాక వెర్నల్ అలవాటు ప్రకారం గేటు దగ్గర ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. నోరు తెరవబోయి ఆగాడు. మైదానం మధ్యకి నడిచి వచ్చి, వదిన పక్కన, ఆమెకి వినబడే వైపు నిలబడ్డాడు.

"గేటు తెరవమంటావా?" అన్నాడు.

ఆమె కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుని నిలబడి ఉంది. పాట సగం అయ్యేదాకా అలాగే ఉండి, అప్పుడు తలూపింది.